వేదికపై శాంపిల్ ట్రిగ్గరింగ్: తక్కువ ఖర్చులో పరికరాల ఎంపిక

ముందే రికార్డు చేసి పెట్టుకున్న శబ్దాన్ని ప్రోగ్రామ్ నడుస్తుండగా ప్యాడ్ మీద కొట్టో, బటన్ నొక్కో, పెడల్ తొక్కో మోగించడాన్ని శాంపిల్ ట్రిగ్గరింగ్ అంటారు. బృందంలో వాయించేవాళ్లు లేని వాద్యం, పాట ఎత్తుగడలో వచ్చే కోరస్, చరణానికి ముందు వినిపించే మాట, సినిమా పాటలోని ఎలక్ట్రానిక్ దరువు వేదిక మీదికి ఈ దారిలోనే వస్తాయి. డబ్బు తక్కువగా ఉన్న బృందం దేన్ని వదులుకోవచ్చో, దేన్ని వదులుకోకూడదో తెలుసుకుని కొనాలి. ప్యాడ్ల సంఖ్యను వదులుకోవచ్చు. కొట్టిన క్షణానే మోగడాన్ని, కరెంటు పోయి వచ్చాక త్వరగా తేరుకోవడాన్ని వదులుకోకూడదు.

నేపథ్యం

1963లో బ్రిటన్‌లో వచ్చిన మెల్లోట్రాన్‌లో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క ఉండేది. మెట్టు నొక్కితే సుమారు 8 సెకన్ల పాటు ఆ టేపు మోగేది. 1979 నాటి ఫెయిర్‌లైట్ సీఎంఐ, 1981 నాటి ఈమ్యు ఎమ్యులేటర్ డిజిటల్ శాంపిళ్లను తెచ్చాయి కానీ, వాటి ధర మామూలు బృందాలకు అందేది కాదు. 1983లో వాద్య యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి ప్రమాణం వచ్చాక పరిస్థితి మారింది. 1985లో రోలాండ్ తెచ్చిన ఆక్టాప్యాడ్ ప్యాడ్-8లో సొంత శబ్దాలే లేవు. ఏ ప్యాడ్ మీద ఎంత బలంగా దెబ్బ పడిందో మిడి తీగ ద్వారా మరో యంత్రానికి చెప్పడమే దాని పని. రోజర్ లిన్‌తో కలిసి అకాయ్ 1988లో తెచ్చిన ఎంపీసీ60 మాత్రం 16 ప్యాడ్లతో, శబ్దాలన్నీ తనలోనే ఉంచుకుని మోగేది. ఇవాళ్టి చవక పరికరాలు కూడా ఈ రెండు దారుల్లో ఏదో ఒక దానికి చెందినవే. కొనేముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి ఇదే.

సొంతంగా మోగే పరికరాలు

డ్రమ్స్ కర్రలతో కొట్టేవారికి రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ చిరకాలంగా నమ్మకమైన యంత్రం. 9 ప్యాడ్లు, 2 జీబీ మెమొరీ ఉంటాయి. కొత్తది కొనే స్తోమత లేకపోతే సెకండ్ హ్యాండ్‌లో వెతకడం తెలివైన పని. అంతకంటే తక్కువలో అలెసిస్ శాంపిల్‌ప్యాడ్ ప్రో ఉంది. 8 ప్యాడ్లు, ఎస్‌డీ కార్డు నుంచి వేవ్ ఫైళ్లు తీసుకునే సదుపాయం దానిలో ఉన్నాయి. పాటకు రెండు మూడు శబ్దాలే కావాలంటే అదే కంపెనీ నాలుగు ప్యాడ్ల మోడల్ చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఏళ్ల తరబడి మోగిన రోలాండ్ ఎస్‌పీడీ-20లో 700 శబ్దాలున్నాయి గానీ, మనం రికార్డు చేసినదాన్ని అందులో ఎక్కించే వీలు లేదు. మన భాషలో అన్నీ ప్యాడ్సే కాబట్టి, అమ్మేవారు ‘ప్యాడ్స్’ అనగానే శాంపిళ్లు పడతాయని అనుకోవద్దు. బయటి వేవ్ ఫైల్ ఎక్కించి చూపించమని అడగాలి. బృందంలో కీబోర్డు ఇప్పటికే ఉంటే ముందు దాని సంగతి చూడటం మేలు. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటివి బయటి శాంపిళ్లను తీసుకుంటాయి. అప్పుడు కొత్తగా ఏదీ కొనక్కర్లేదు.

వేలితో నొక్కేవాటిలో 2021 నాటి రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2 ఆరు ఏఏ బ్యాటరీలతో కూడా నడుస్తుంది. కరెంటు మీద భరోసా లేనిచోట ఇది చిన్న విషయం కాదు. అరచేతిలో పట్టే పీఓ-33 శాంపిలర్ చాలా చవక. కానీ దాని మెమొరీ మొత్తం కలిపి 40 సెకన్లే, బటన్లు మరీ చిన్నవి. గాయకుడు ఒకటి రెండు శబ్దాలు వదలడానికి సరిపోతుంది, డ్రమ్మర్‌కు పనికిరాదు.

ల్యాప్‌టాప్‌తో

ల్యాప్‌టాప్ ఉన్నవారికి అకాయ్ ఎంపీడీ218 లాంటి 16 ప్యాడ్ల యూఎస్‌బీ కంట్రోలర్ తక్కువ ఖర్చు దారి. శబ్దం ల్యాప్‌టాప్‌లో పుడుతుంది కాబట్టి శాంపిళ్ల పరిమాణానికి హద్దు ఉండదు. ఇబ్బంది అంతా లేటెన్సీతోనే, అంటే కొట్టడానికీ వినిపించడానికీ మధ్య జాప్యంతోనే. 44,100 శాంపిల్ రేటు దగ్గర బఫర్ (ల్యాప్‌టాప్ ఒక్కో విడతకు పోగుచేసే శబ్ద బిందువుల సంఖ్య) 128 ఉంటే దాని వల్ల జాప్యం 2.9 మిల్లీసెకన్లు, 256 అయితే 5.8, 1024 అయితే 23. గాలిలో శబ్దం 3.4 మీటర్లు నడవడానికి పట్టే కాలమే సుమారు 10 మిల్లీసెకన్లు. కాబట్టి 256 వరకు చాలామందికి ఇబ్బంది అనిపించదు. 1024 దగ్గర మాత్రం డ్రమ్మర్ చేతికీ చెవికీ పొంతన కుదరదు. విండోస్‌లో జాప్యం తగ్గించే ఆసియో డ్రైవర్ ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఇందుకే కొనాలి. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి నేరుగా మిక్సర్‌కు ఇవ్వడం ఇంట్లో సాధనకు చెల్లుతుంది, వేదిక మీద చెల్లదు. ప్రోగ్రామ్ రోజున వైఫై, అప్‌డేట్లు, నోటిఫికేషన్లు అన్నీ ఆపేయాలి.

శాంపిల్ తయారీ

చవక పరికరం బాగా మోగాలంటే అసలు శ్రమ పడవలసింది ఇక్కడే, పైగా దీనికి పైసా ఖర్చు లేదు. ఉదాహరణకు ఒక డప్పు దెబ్బను తీసుకుందాం. రికార్డు చేశాక ఉచితంగా దొరికే ఆడాసిటీలో తెరిచి అలను పెద్దది చేసి చూస్తే, దెబ్బకు ముందు సన్నని గీతలా కొంత నిశ్శబ్దం కనిపిస్తుంది. అది 30 మిల్లీసెకన్లు ఉన్నా చాలు, ఎంత ఖరీదైన ప్యాడ్ అయినా ఆలస్యంగా మోగినట్టే ఉంటుంది. అల లేచే చోటికి సరిగ్గా ముందు వరకు కత్తిరించాలి. చివర్న డప్పు మోత ఒక్కసారిగా తెగకుండా నెమ్మదిగా తగ్గించాలి. ఎంపీ3గా దాచకూడదు. ఆ పద్ధతిలో ఫైలు మొదట్లో కొంత ఖాళీ వచ్చి చేరుతుంది, కత్తిరించిన శ్రమ వృథా అవుతుంది. 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్‌గా దాచాలి. స్టీరియోలో నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది, ఒక్క దెబ్బకు మోనో చాలు.

ఆ తర్వాత అన్ని శాంపిళ్ల మోతనూ ఒక స్థాయికి తేవాలి. ఒక పాటలో కోరస్ పీలగా, తర్వాతి పాటలో చప్పట్లు చెవులు పగిలేలా వస్తే సౌండ్ ఇంజనీర్ ఫేడర్‌ను కిందికి లాగేస్తాడు. ఆపై ఏదీ వినిపించదు. ఈ సర్దుబాటు హెడ్‌ఫోన్స్‌లో కాదు, పెద్ద స్పీకర్లలో బృందంతో కలిపి వాయించి చేయాలి.

సున్నితత్వం కూడా ఇంట్లోనే సరిచూసుకోవాలి. కర్రలతో కొట్టే ప్యాడ్ కింద ఉండే సెన్సర్ దెబ్బ అదురుకు స్పందిస్తుంది. పక్క ప్యాడ్ అదురుకో, బాస్ స్పీకర్ అదురుకో కూడా మోగవచ్చు. థ్రెషోల్డ్ (ప్యాడ్ మోగడానికి కావలసిన కనీస దెబ్బ బలం) కొంచెం పెంచితే అది ఆగుతుంది. మరీ పెంచితే మెల్లని దెబ్బలు పోతాయి.

కేబుళ్లు, కరెంటు

ప్యాడ్ నుంచి మిక్సర్ దూరంగా ఉంటే డీఐ బాక్స్ (పొడవైన కేబుల్‌లో సిగ్నల్ చెడకుండా మార్చి పంపే చిన్న పెట్టె) తప్పనిసరి. ల్యాప్‌టాప్ ఛార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్‌మనే మోత వస్తే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ ఉన్న డీఐ బాక్స్ చాలాసార్లు దాన్ని ఆపుతుంది. అడాప్టర్ విషయంలో తొందర కూడదు. రోలాండ్, బాస్ కంపెనీల యంత్రాల్లో చాలావాటికి మధ్య సూది నెగటివ్. వోల్టేజీ కలిసినంత మాత్రాన వేరేది గుచ్చితే యంత్రం పాడవవచ్చు. జనరేటర్ మీద నడిచే ఊరి ప్రోగ్రామ్‌లకు వెళ్లేవారు చిన్న యూపీఎస్ ఒకటి వెంట ఉంచుకోవాలి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు ప్రతి ప్యాడ్‌నూ నాలుగు మూలలా, నడుమా, మెల్లగానూ గట్టిగానూ కొట్టి చూడాలి. కార్డు స్లాట్, అవుట్‌పుట్ సాకెట్లు వదులుగా ఉన్నాయేమో కదిపి చూడాలి. ఆపి మళ్లీ ఆన్ చేసి ఎంతసేపటికి సిద్ధమవుతుందో గమనించాలి.

ల్యాప్‌టాప్ చేతిలో ఉండి పాటకు నాలుగైదు శబ్దాలే కావలసిన బృందం యూఎస్‌బీ కంట్రోలర్‌తో మొదలుపెట్టడం మంచిది. కర్రలతో కొట్టే డ్రమ్మర్ ఉండి నెలలో పలు ప్రోగ్రామ్‌లు చేసే బృందం మాత్రం కొంతకాలం ఆగైనా సొంతంగా మోగే ప్యాడ్‌నే కొనాలి. ఏది కొన్నా శాంపిళ్లన్నిటి నకలు రెండో కార్డులోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టి, యంత్రంతో పాటు కాకుండా వేరే సంచిలో తీసుకెళ్లండి.