జాతరలు కలిపిన దారులు

ఒక ప్రాంతంలోని పండుగలన్నిటినీ గొలుసుగా కూర్చి సంస్కృతినీ పర్యాటకాన్నీ పెంచాలన్న మాట మన ప్రభుత్వాల ప్రకటనల్లో తరచు వినిపిస్తోంది. దాన్నొక కొత్త ఆలోచనగా చెబుతున్నారు. నిజానికి ఊరికీ ఊరికీ మధ్య, గూడేనికీ గూడేనికీ మధ్య పండుగలు నడిపిన దారులు ఈ నేల మీద ఏనాటి నుంచో ఉన్నాయి. కొన్నిటికి రాజు కేంద్రం, కొన్నిటికి కేంద్రమే లేదు. ఏవి నిలిచాయి, ఏవి పోయాయి అన్నది గమనిస్తే ఇవాళ చేయవలసిన పని తేలిగ్గానే బోధపడుతుంది.

రాజులు నడిపిన పండుగకు పెద్ద ఉదాహరణ విజయనగరం మహర్నవమి. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్, కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ ఆ వైభవాన్ని కళ్లకు కట్టినట్టు రాశారు. నాయంకరులు తమ సీమల నుంచి కదలివచ్చి రాజుకు కట్టవలసిన సొమ్ము ఆ రోజుల్లోనే చెల్లించేవారని మరో పోర్చుగీసువాడు నూనిజ్ రాతల వల్ల తెలుస్తుంది. అంటే సామ్రాజ్యం నలుమూలలనూ ఏటా ఒకసారి ఒకచోట చేర్చిన పండుగ అది. అయితే దారులన్నీ రాజధానికే చేరేవి. 1565లో రాజధాని కూలడంతో హంపీలో ఆ వేడుక ఆగిపోయి, మహర్నవమి దిబ్బ ఒక్కటే మిగిలింది. 1610లో రాజ ఒడెయరు శ్రీరంగపట్నంలో దసరాను తిరిగి మొదలుపెట్టాడు. పండుగ మరో రాజును వెతుక్కుని బతికిందన్నమాట.

రాజు అవసరమే లేని గొలుసును చూడాలంటే కోనసీమకు వెళ్లాలి. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. వెదురు, రంగు బట్టలు, పూలదండలతో కట్టిన ఆ ప్రభలను జనం భుజాల మీదే మోస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక నది దాటి రావాలి. మోసేవాళ్లు పీకల్లోతు నీళ్లలో దిగినా ప్రభ ఒరగకుండా అవతలి గట్టెక్కిస్తారు. దారిలో పచ్చని చేలుంటే వాటి మీదుగానే నడుస్తారు. పైరు తొక్కారని రైతు అడ్డుచెప్పడు, దాన్ని శుభంగానే భావిస్తాడు. వ్యాఘ్రేశ్వరం ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలను ఒకసారి పైకెత్తి గౌరవం చూపుతారు. ఇందులో ఏ ఊరి దేవుడు ఆ ఊరివాడే, ఏ ఊరి ఖర్చు ఆ ఊరిదే. కలిసే చోటు మాత్రం అందరిదీ. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ తీర్థాన్నే చూపించారు. శకటం ప్రభలను చూపగలిగింది. ఆ పదకొండు ఊళ్ల ఒప్పందాన్ని చూడాలంటే తోటకే రావాలి.

ఆదివాసీ జాతరల్లో ఈ అల్లిక ఇంకా దూరం సాగుతుంది. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లోని నాగోబా దేవుడి కోసం గోండుల్లోని మెస్రం వంశస్థులు ఝారీ అనే నీటిపాత్ర పట్టుకుని కాలినడకన జన్నారం వైపు గోదావరి దాకా వెళ్లి గంగాజలం తెస్తారు. పూజకు కుండలు సిరికొండ కుమ్మరులు చేసివ్వాలి. పుష్య అమావాస్య రాత్రి పూజయ్యాక, వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లను భేటింగ్ అనే తంతులో దేవుడికి పరిచయం చేస్తారు. మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరలోనూ అంతే. సమ్మక్క చిలకలగుట్ట నుంచి, సారలమ్మ కన్నెపల్లి నుంచి, పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తేనే గద్దెలు నిండుతాయి. ఏ ఒక్క ఊరు తప్పుకున్నా ఆ జాతర పూర్తికాదు.

ప్రభుత్వాలు ఈ అల్లికలోకి మూడు రకాలుగా అడుగుపెట్టాయి. మొదటిది వినడానికి వచ్చిన ప్రభుత్వం. 1940లో కొమురం భీం పోరాటం నెత్తురులో ముగిశాక, గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం నియమించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్, నాగోబా జాతరలోనే దర్బారు పెట్టించాడు. జనం అధికారుల గడప తొక్కే బదులు అధికారులే జనం చేరే చోటికి వచ్చారు. ఆ దర్బారు నేటికీ సాగుతోంది. రెండోది లెక్క రాసుకోవడానికి వచ్చిన ప్రభుత్వం. 1961 జనగణనలో భాగంగా ఆంధ్రప్రదేశ్ జాతరలు, తిరునాళ్లను జిల్లాలవారీగా సంపుటాలుగా అచ్చువేశారు. ఏ ఊళ్లో ఏ తిథికి ఏ దేవుడికి ఏం జరుగుతుందో అందులో ఉంది. పండుగల గొలుసు కట్టాలనుకునేవాళ్లు ముందు తెరవవలసిన పుస్తకాలవి. మూడోది వేదిక కట్టడానికి వచ్చిన ప్రభుత్వం. 1975లో ఖజురహో నృత్యోత్సవం మొదలయ్యాక, పాత గుడి ముందు దీపాల వెలుగులో కచేరీ అన్న నమూనా దేశమంతా పాకింది. మన లేపాక్షి ఉత్సవాలూ ఆ తోవలోవే. కళాకారులకు అవి మేలే చేశాయి. కానీ వేదిక విప్పేశాక ఆ ఊరికి మిగిలేది తక్కువ.

కొత్తగా పుట్టించిన పండుగలు నిలవవా అని అడగవచ్చు. నిలుస్తాయి. నాగాలాండ్‌లో 2000లో మొదలైన హార్న్‌బిల్ ఉత్సవం, 2001లో సూళ్లూరుపేటలో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ అందుకు సాక్ష్యం. ఫ్లెమింగో పండుగ వెనుక పులికాట్‌కూ నేలపట్టుకూ ఏటా వచ్చే పక్షులున్నాయి, అంటే రుతువే దాని పంచాంగం. హార్న్‌బిల్ వెనుక ఎవరి పండుగ వారికున్న నాగా తెగలున్నాయి. వట్టి నేల మీద మొలిచినవి కావు అవి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. పర్యాటకం వస్తే మొక్కు తమాషా అవుతుందనీ, కోటిమంది దాకా వస్తారని అంచనా వేసే మేడారానికి ఇంకా ప్రచారమెందుకనీ అంటారు. ఆ భయంలో న్యాయముంది. నాలుగు రోజుల్లో, భక్తులు స్నానాలు చేసే జంపన్నవాగు మోయవలసిన బరువు ఇప్పటికే ఎక్కువ. అందుకే ఒకే జాతరకు మరింతమందిని పిలవడం కాదు, ఏడాది పొడవునా చిన్న జాతరల మీదుగా వాళ్లను పంచడం కావాలి. 2016-17లో కేంద్రం మంజూరు చేసిన గిరిజన సర్క్యూట్ లక్నవరం, మేడారం, తాడ్వాయి, మల్లూరు, బొగత జలపాతాలను కలిపింది. 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన రామప్ప గుడీ ఆ చుట్టుపక్కలే ఉంది. స్థలాలు కలిశాయి గానీ తిథులు కలవలేదు. పూనుగొండ్ల, కొండాయి పేర్లు మేడారం వెళ్లే యాత్రికుల్లో ఎందరికి తెలుసు? ఇక తమాషా భయానికి జవాబు పెత్తనం ఎవరిదన్న దాంట్లో ఉంది. మేడారం జాతర తేదీలు కోయ పూజారులే నిర్ణయిస్తారు. నాగోబాకు కొత్త గుడిని మెస్రం వంశస్థులు సొంత చందాలతో కట్టుకున్నారు. ఆ అధికారం వాళ్ల చేతుల్లో ఉన్నంతకాలం చూడవచ్చినవాడు అతిథిగానే ఉంటాడు. ఏది చూపాలో, ఏది తమవాళ్లకే పరిమితమో వాళ్లే చెబుతారు.

తిథులు ఏటా మారతాయి, పర్యాటకుడికి తేదీ కావాలి అన్నది అసలు అడ్డంకే కాదు. పంచాంగం ఉగాదికే చేతికొస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల పర్యాటక, దేవాదాయ, గిరిజన సంక్షేమ శాఖలు కూర్చుని, నెల్లూరు రొట్టెల పండుగ, కడప పెద్ద దర్గా ఉరుసులతో సహా ఒక ఉమ్మడి జాతరల పట్టిక వేయాలి. ఏ జాతర వివరాలు అందులో ఎంతవరకు రాయాలో ఆ ఊరివాళ్లను అడిగే రాయాలి. వచ్చిన ఆదాయంలో మొదటి వాటా ఆ ఊరి తాగునీటికీ మరుగుదొడ్లకూ దారులకూ దక్కాలి. వేదికలకు ఖర్చుపెడుతున్న సొమ్ములో కొంత మళ్లించినా వచ్చే ఉగాదికే ఈ పని మొదలుపెట్టవచ్చు.