మిల్లు కప్పు, ఆఫీసు గోడ: అహ్మదాబాద్‌లో వాతావరణం, నిర్మాణం

వాతావరణానికి తగిన నిర్మాణం అనగానే విద్యార్థులు చల్లని ఇంటినే ఊహిస్తారు. తరగతిలో నేను ఎదురు ప్రశ్న వేసేవాణ్ణి: తగినది ఎవరికి, మనిషికా, నూలుకా? అహ్మదాబాద్ మిల్లుల చరిత్ర తెలిస్తే ఈ ప్రశ్న మీకు వింతగా తోచదు.

ఆ నగరంలో మొదటి బట్టల మిల్లును రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ 1861లో ప్రారంభించాడు. యంత్రాలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. లాంకషైర్ నేత షెడ్డు నమూనా కూడా అక్కడిదే. దాని కప్పు రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి పన్నుకూ ఉత్తరం వైపు అద్దాలు, దక్షిణం వైపు మూసిన వాలు. మాంచెస్టర్‌లో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు కాబట్టి ఉత్తరపు అద్దాల్లోంచి ఎండ లేని వెలుతురు దిగుతుంది. అహ్మదాబాద్ కర్కట రేఖకు చాలా దగ్గర. జూన్‌లో అక్కడ సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఉదయం, సాయంత్రం ఉత్తరానికి జరిగి ఉంటాడు. అద్దం ఏటవాలుగా ఉంటే ఎండ నేరుగా లోపల పడుతుంది.

అసలు కష్టం తేమతో వచ్చింది. పొడి గాలిలో నూలు తెగుతుంది. లాంకషైర్ గాలిలో సహజంగా ఉన్న తేమను ఇక్కడ ఆవిరితో, నీటి తుంపరలతో తెచ్చిపెట్టుకోవాలి. అది బయటికి పోకుండా కిటికీలు మూయాలి. వేడికి తేమ తోడైతే ఒంటి చెమట ఆరదు. నూలుకు మేలు చేసిన గాలే కార్మికుడికి ఉక్కపోత. చల్లని ఇంగ్లండులోనే నేత షెడ్లలోని తేమకు హద్దు పెడుతూ 1889లో చట్టం చేయాల్సి వచ్చింది. మన 1948 ఫ్యాక్టరీల చట్టంలో 13వ సెక్షన్ గాలి, ఉష్ణోగ్రతల గురించి, 15వ సెక్షన్ కృత్రిమ తేమ గురించి చెప్పేవి.

ఇప్పుడు ఆ నగరపు మిల్లు యజమానులు తమ సంఘానికి కట్టించుకున్న కార్యాలయాన్ని చూడండి. లె కార్బూజియే రూపొందించిన ఈ భవనం 1954లో పూర్తయింది. సాయంత్రపు ఎండ గదుల లోపలి దాకా వస్తుంది. అందుకే వీధి వైపున్న పడమటి ముఖానికి లోతైన కాంక్రీటు పలకలను ఏటవాలుగా నిలిపాడు. ఎండ ఆగుతుంది, గాలి ఆగదు. తూర్పున సబర్మతి వైపు పలకలు తిన్నగా ఉంటాయి. వాటి మధ్య నుంచి నది కనిపిస్తుంది. ఉత్తర, దక్షిణ గోడలు దాదాపు మూసినవే. ఆ రోజుల్లో నది ఇసుకలో బట్టలు ఉతికి ఆరవేసేవారు. యజమానులు నీడలో నిలబడి చూడగల దృశ్యం అది.

రెండు కట్టడాలకూ మధ్య చాలా కాలం గడిచిందని, ఈలోగా పరిజ్ఞానం పెరిగిందని మీరు అనవచ్చు. నేను ఒప్పుకోను. నడిమి చౌకుతో ఇంట్లోకి గాలి తెచ్చుకోవడం అహ్మదాబాద్ పాత వాడల్లో మిల్లులకు ముందు నుంచీ ఉన్నదే.

మీ ఊళ్లో స్పిన్నింగు మిల్లు గానీ పాత షెడ్డు గానీ ఉంటే, అనుమతి తీసుకుని ఒక మధ్యాహ్నం వెళ్లండి. అద్దాలు ఏ దిక్కుకు ఉన్నాయో, కిటికీలు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో రాసుకోండి. పక్కనే ఉన్న ఆఫీసు గదికీ అవే వివరాలు రాయండి.