గొర్రెల బాట నుంచి సైకిలు బాట దాకా

ఫ్రాన్సు అనగానే మనలో చాలామందికి పారిస్ నగరం, ఐఫెల్ టవరు, పిల్లలున్న ఇళ్లలోనైతే డిస్నీలాండు గుర్తుకు రావడం సహజం. ఇంగ్లండులో స్థిరపడిన మన కుటుంబాల్లో ఈ మూడూ చూడనివారు అరుదు. ఆ దేశపు దక్షిణ భాగంలో, మధ్యధరా సముద్రానికి ఎగువన, సేవెన్ అనే కొండసీమ ఒకటి ఉంది. (ఇంగ్లీషు అంకె ఏడుకూ ఈ పేరుకూ ఏ సంబంధమూ లేదు!) కొన్నేళ్లుగా వేసవి సెలవుల్లో నేనూ మా అబ్బాయీ సైకిళ్లను కారు వెనక కట్టుకొని అక్కడికి వెళ్తున్నాం. వాడికి కావలసింది కొండ మీంచి జర్రున దిగే సరదా. నాకు మాత్రం తిరిగిన కొద్దీ ఒకటే ప్రశ్న: ఇంత రాళ్లలో, ఇంత ఎత్తున ఈ దారులు ఎవరు వేశారు? దానికి దొరికిన సమాధానాన్ని మన సభ్యులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

కొండల్లో తొక్కే సైకిలును ఫ్రెంచివారు "వెలో తూ తెరాఁ" అంటారు. ఎలాంటి నేల మీదనైనా నడిచే సైకిలు అని అర్థం. ఇలాంటి సైకిళ్ల పందేలు 1976లో కాలిఫోర్నియా కొండల్లో మొదలయ్యాయని అందరూ చెబుతారు. కానీ 1951 నుంచి 1956 దాకా పారిస్ శివార్లలో కొందరు కుర్రాళ్లు మామూలు సైకిళ్లకు మార్పులు చేసి, మట్టి దారుల్లో ఇలాంటి ఆటే ఆడారు. అంతకు ముందే, సేవెన్‌కు ఉత్తరాన ఉన్న సేంత్ ఎతియెన్ పట్నంలో పాల్ ద వివీ (1853-1930) అనే ఆయన, కొండలెక్కాలంటే సైకిలుకు గేర్లు ఉండి తీరాలని తన పత్రికలో ఏళ్ల తరబడి వాదించాడు. అయినా టూర్ ద ఫ్రాన్స్ పందెంలో గేర్లు మార్చే పరికరాన్ని 1937 దాకా అనుమతించలేదు.

సైకిలు కథ అదీ. దారుల కథ దానికన్నా చాలా పాతది. ఈనాడు మనం తొక్కే బాటల్లో సైకిళ్ల కోసం కొత్తగా వేసినవి చాలా తక్కువ. వీటిని మొదట వేసినవి గొర్రెలు!

ఎండాకాలం రాగానే మైదానంలో గడ్డి మాడిపోతుంది. జూన్ నెలలో కాపరులు మందలను తోలుకొని మోన్ లొజేర్ (1,699 మీటర్లు), ఎగువాల్ వంటి కొండల మీదికి ఎక్కేవారు. చలి మొదలయ్యే వేళకు దిగేవారు. వేల గొర్రెలు వందల ఏళ్లు నడిచిన ఆ బాటలను "ద్రాయ్" అంటారు. అవి లోయల్లోకి దిగవు. ఒక కొండ వెన్ను పట్టుకొని పోయి ఇంకో కొండ వెన్నును అందుకుంటాయి. ఇంకో విశేషం. మన రైతులు గొర్రెల మందను రాత్రిపూట పొలంలో కట్టించుకొని, ఎరువు కోసం కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తారు కదా, సరిగ్గా అదే ఆచారం మోన్ లొజేర్ మీద కూడా ఉండేది. అది తెలిసిన రోజు నాకు ఆ కొండలు పరాయివి అనిపించలేదు.

గొర్రెల తర్వాత ఆ దారులను ఎక్కువగా వాడుకున్నది ప్రాణభయంతో పారిపోయే మనుషులు. సేవెన్ ప్రజల్లో అధిక భాగం ప్రొటెస్టెంటులు. 1598లో వారికి లభించిన మతస్వేచ్ఛను 1685లో పద్నాలుగవ లూయీ రద్దు చేశాడు. ప్రార్థన చేసుకుంటే చెరసాల, బోధకుడు దొరికితే ఉరి. జనం రాత్రివేళల్లో కొండబాటల వెంట వెళ్లి అడవుల్లో రహస్యంగా సమావేశమయ్యేవారు. 1702 జులై 24 రాత్రి పోన్ ద మోన్వేర్ అనే ఊళ్లో, తమవాళ్లను హింసిస్తున్న ఒక మతాధికారిని తిరుగుబాటుదారులు చంపారు. అక్కడ మొదలైన యుద్ధం 1704 దాకా భీకరంగా సాగింది. ఆ తిరుగుబాటుదారులకు "కమిసార్‌లు" అని పేరు. చొక్కాకు అక్కడివాళ్లు వాడే "కమిసా" అన్న మాట నుంచి ఆ పేరు వచ్చిందంటారు. మన కమీజు దానికి చుట్టమే.

గొర్రెల బాటలు తెలిసిన ఈ పల్లెజనం ముందు రాజుగారి సైన్యం తికమకపడింది. ప్రభుత్వం ఫిరంగులు, బండ్లు పోవడానికి వెడల్పాటి రాదారులు వేయించింది. 1703లో 400కు పైగా పల్లెలను, పేటలను ధ్వంసం చేసింది. తిరుగుబాటు నాయకుల్లో ఒకడైన జాన్ కవాలియే రొట్టెల దుకాణంలో పని నేర్చుకుంటున్న ఇరవై ఏళ్ల కుర్రాడు. చివరికి దేశం విడిచి బ్రిటిష్ సైన్యంలో చేరి, పెద్ద పదవులకెదిగి, 1740లో లండన్‌లోని చెల్సీలో కన్నుమూశాడు. అతనిలాగే వేలాది ఫ్రెంచి ప్రొటెస్టెంటులు ఈ దేశానికి వలస వచ్చారు. లండన్ స్పిటల్‌ఫీల్డ్స్‌లో పట్టు నేసినవారిలో ఎక్కువమంది వాళ్లే.

పట్టు అంటే మళ్లీ సేవెన్ మాటే. 1709 నాటి ఘోరమైన చలికి అక్కడి చెస్ట్‌నట్ చెట్లు పెద్ద ఎత్తున చచ్చిపోవడంతో, రైతులు మల్బరీ వైపు మళ్లారు. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి, రాతిగోడలు కట్టి మల్బరీ నాటారు. కంచరగాడిదల మీద సరుకు తోలడానికి బాటలకు రాళ్లు పరిచారు. వాన నీరు దారిని కోసెయ్యకుండా అడ్డంగా రాళ్లు నిలబెట్టారు. (ఆ అడ్డరాళ్ల మీద సైకిలు ముందు చక్రం ఎగిరినప్పుడు ఆ తాతల పనితనం ఒంటికి తెలుస్తుంది!) 1853లో ఫ్రాన్సు 26 వేల టన్నుల పట్టుగూళ్లు పండించింది. అంతలో పెబ్రిన్ తెగులు వచ్చి, 1865 నాటికి అది 4 వేల టన్నులకు పడిపోయింది. అప్పుడు లూయీ పాశ్చర్‌ను ఆ సీమలోని అలెస్ పట్నానికి పంపారు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూసి, రోగం కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేయాలని ఆయన తేల్చాడు. మన హిందూపురం, మదనపల్లె వైపు పట్టుపురుగులు పెంచే రైతులకు మంచి గుడ్లు అందుతున్నాయంటే, నేటికీ ఆ పరీక్షే ఆధారం.

తెగులు తగ్గినా పాత వైభవం తిరిగి రాలేదు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకొని ఆసియా పట్టు చవకగా దిగింది. జనం గనులకూ పట్నాలకూ వలసపోయారు. 1965లో సేన్ జాన్ ద్యు గార్ అనే ఊళ్లో చివరి పట్టు మిల్లు మూతపడింది. ఆ ఊరికే 1878 అక్టోబరులో, మొడెస్టీన్ అనే గాడిదను వెంటబెట్టుకొని 12 రోజులు నడిచి చేరాడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్. "ట్రెజర్ ఐలాండ్" రాసిన ఆయనే. 1879లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథం చదివి ఈ రోజుకీ జనం ఆ దారిన నడుస్తున్నారు.

నడిచేవాళ్లుంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అంటారా? అసలు కీలకం అక్కడే ఉంది. మన పల్లెల్లో గోదావరి వైపు పుంత అనీ, గుంటూరు వైపు డొంక అనీ పిలిచే ఊరుమ్మడి దారుల వంటివే ఫ్రాన్సులోని "గ్రామీణ దారులు". అవి ఊరి పాలకసంఘం ఆస్తి. జనం వాడుకలో ఉన్నంతకాలం వాటిని అమ్మడానికి వీల్లేదు. వాడుక ఆగిపోతే మాత్రం, బహిరంగ విచారణ జరిపి అమ్మేయవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం తర్వాత కమతాల ఏకీకరణలో ఎన్నో బాటలు పొలాల్లో కలిసిపోయాయి. అందుకే 1983 నాటి చట్టం ప్రకారం ప్రతి జిల్లా నడక దారుల పట్టిక తయారుచేయాలి. పట్టికకెక్కిన గ్రామీణ దారిని తీసేయాలంటే ఊరివాళ్లు దానికి బదులు ఇంకో దారి చూపించాలి.

సైకిళ్లు వచ్చి ఆ వాడుకకు కొత్త బలం ఇచ్చాయి. ఒక త్రికోణం, దాని కింద రెండు వృత్తాలు ఉన్న గుర్తు కనబడితే అది సైకిలు బాట. రంగును బట్టి ఆకుపచ్చ సులభం, నలుపు మహా కష్టం. మోర్వాన్ నుంచి మధ్యధరా తీరం దాకా సుమారు 1,400 కిలోమీటర్ల మహాయాత్రా మార్గం కూడా ఈ కొండల మీదుగానే పోతుంది. సేవెన్‌ను 1970లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2011లో ఆ ప్రాంతం, పక్కనున్న కోస్ పీఠభూములు కలిసి యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. అక్కడ కొండకో, కట్టడానికో కాదు గౌరవం. గొర్రెలూ మనుషులూ కలిసి తీర్చిన బతుకుతీరుకు.

మా తాతగారి ఊళ్లో చెరువు నుంచి పొలాలకు పోయే పుంత ఒకటి ఉండేది. ట్రాక్టర్లకు తారు రోడ్డు వచ్చాక దాని అవసరం తీరిపోయింది. ఇటుపక్క ఒకరు, అటుపక్క ఒకరు జానెడు జానెడు కలుపుకోగా, ఈనాడు దాని ఆనవాలు లేదు. ఎవరినీ తప్పుపట్టలేం. నడవని దారి ఎక్కడైనా అంతే. మన భాషకూ మన పండుగలకూ ఈ మాట వర్తిస్తుందేమో, పెద్దలు ఆలోచించాలి.

మన సభ్యుల్లో పిల్లలతో అటు వెళ్లదలచిన వారికి ఒకటి రెండు సూచనలు. మొదట ఆకుపచ్చ, నీలం గుర్తుల బాటలే పట్టండి. ఆకురాలు కాలంలో అక్కడి వానలు చాలా ఉధృతం కాబట్టి జూన్, సెప్టెంబరు మొదటి వారాలు మేలు. నడిచేవారికి దారి వదలండి, తీసిన తడికెను మళ్లీ మూయండి. మంద ఎదురైతే సైకిలు దిగి, కాపలా కుక్కలకు దూరంగా నిదానంగా నడిచి వెళ్లండి. వాటి బాటే కదా అది, మనం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం.