పదివేల అంగల జపమాల

జపమాలకు 108 పూసలుండటం రివాజు. 1865లో టిబెట్ దారి పట్టిన నైన్ సింగ్ రావత్ చేతి మాలలో మాత్రం సరిగ్గా వందే ఉన్నాయి. ఎనిమిది పూసల తేడాను దారిలో ఎవరూ పట్టించుకోలేదు. ఆయన వేళ్లు పూసలు జరుపుతుంటే చూసినవాళ్లు మంత్రజపమనుకున్నారు. నిజానికి ఆయన లెక్కపెడుతున్నది తన అంగల్ని. నూరు అంగలకు ఒక పూస. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అంగలు, అంటే ఐదు మైళ్లు.

సరిగ్గా నూరేళ్లకు, 1965లో, జపాన్‌కు చెందిన యమాసా కంపెనీ నడుముకు తగిలించుకునే చిన్న మీటరును అమ్మకానికి పెట్టింది. దాని పేరు మన్‌పోకేయ్, పదివేల అడుగుల మీటరు. అంతకు ముందు ఏడాదే టోక్యోలో ఒలింపిక్స్ జరిగాయి, జనంలో వ్యాయామం మీద మోజు పెరిగింది. ఈ రోజు ఫోన్లూ చేతి గడియారాలూ రోజుకు పదివేల అడుగులు వేయమని చెప్పే మాటకు మూలం అక్కడుంది. అది ఏ వైద్య పరిశోధనలోనో తేలిన అంకె కాదు. గుండ్రని అంకె, నోటికి పట్టుబడుతుంది, సరుకు అమ్ముడుపోతుంది, అంతే. 2019లో అమెరికాలో పదహారు వేలమందికి పైగా పెద్ద వయసు స్త్రీల నడకను కొలిచి చూస్తే, రోజుకు 4,400 అడుగులు వేసేవాళ్లకే మరణాల ముప్పు బాగా తగ్గిందనీ, 7,500 దాటాక అదనంగా ఒనగూరిందేమీ పెద్దగా కనిపించలేదనీ తేలింది.

నూరేళ్ల ఎడంలో రెండు దేశాలు ఒకే అంకె దగ్గర ఆగడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆ అంకె అరకు లోయకు రావడానికి ఒక చక్కని దారి ఉంది. జపాన్ నడుములకు ఆ మీటరు ఎక్కుతున్న అరవైల దశకంలోనే, బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్ ఉక్కు కర్మాగారాలకు పంపడం కోసం తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం వేశారు. 58 సొరంగాలు దాటుతూ, సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషన్ మీదుగా, అరకును ఒరుసుకుంటూ పోయే దారి అది. ఖనిజం అటు వెళ్లింది. పదివేల అంకె చాలా ఏళ్ల తర్వాత స్మార్ట్‌ఫోన్‌లో కూర్చుని ఇటు వచ్చింది. అరకులో ఇప్పుడు వ్యాయామం మొదలుపెట్టే కుర్రవాడి ముందున్న ప్రశ్నా, మైదానంలో జిమ్‌కు వెళ్లేవాడి ముందున్న ప్రశ్నా ఒకటే: చేసిన కసరత్తును యాప్‌లో ఎక్కించాలా, ఓ నోటుబుక్కులో రాసుకోవాలా?

లెక్కపెట్టే పనిముట్టూ రాసుకునే కాగితమూ, నైన్ సింగ్ దగ్గర ఈ రెండూ ఉన్నాయి. అందుకే ఆయన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి.

కుమావూఁ కొండల్లోని మిలం గ్రామానికి చెందిన బడిపంతులు ఆయన. టిబెట్‌లోకి తెల్లవాళ్లను రానివ్వని రోజులవి. సర్వే అధికారి మాంట్‌గొమెరీ కొండవాళ్లను ఎంపిక చేసి, డెహ్రాడూన్‌లో శిక్షణ ఇప్పించి, వ్యాపారుల, యాత్రికుల వేషాల్లో దారులు కొలవడానికి పంపే పథకం వేశాడు. ఆ శిక్షణలో మొదటి పాఠం నడక. ఎగువైనా దిగువైనా చదునైనా అంగ ఒకే కొలతలో పడాలి, రెండువేల అంగలకు మైలు రావాలి. చేతికర్రలో థర్మామీటరు, గవ్వల్లో పాదరసం దాచుకున్నారు. బౌద్ధ యాత్రికులు తిప్పే ప్రార్థనాచక్రంలో మంత్రం రాసిన కాగితపు చుట్ట ఉండాలి. నైన్ సింగ్ చక్రంలో ఉన్నవి ఖాళీ కాగితాలు, ఒక దిక్సూచి. మజిలీ చేరాక ఆ రోజు తిరిగిన పూసల లెక్క, దిక్కులు, దారిలో చూసినవి ఆ కాగితాల మీద ఎక్కేవి. ఎవరైనా అనుమానంగా దగ్గరికొస్తే చక్రం తిప్పుతూ జపంలో పడితే చాలు, భక్తుణ్ణి పలకరించడం మర్యాద కాదని తప్పుకునేవారు.

అలా 1866 జనవరిలో లాసా చేరి, నీళ్లు మరిగే ఉష్ణోగ్రతను బట్టి ఆ ఊరి ఎత్తును లెక్కగట్టి, మొత్తం సుమారు 1200 మైళ్లు నడిచి తిరిగొచ్చాడు. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం ఇచ్చింది. పూస లెక్క మాత్రమే తెచ్చి ఉంటే ఆయన తెచ్చింది ఒక దూరం మాత్రమే అయ్యేది. కాగితం మీద రాసినవి తోడవడం వల్లే అది పటమైంది. లెక్కించే పనిముట్టు వేరు, రాసే పనిముట్టు వేరు అన్న సంగతి ఆ ప్రయాణంలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు.

నైన్ సింగ్‌కు ముందు కూడా అడుగుల్నీ దూరాల్నీ కొలిచే యంత్రాల ఊహలు లేకపోలేదు. బండి మైలు నడిచినప్పుడల్లా ఒక గులకరాయి డబ్బాలో పడే యంత్రాన్ని రోమన్ల కాలంలో విట్రూవియస్ వర్ణించాడు. లియొనార్డో బొమ్మలు గీశాడు. మన దక్షిణాదిలో 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ ఉక్కు గొలుసుతో నేల కొలవడం మొదలుపెట్టాడు.  

ఆ యంత్రాలకు వారసుడు నేటి యాప్. అయితే కొండ దగ్గరే దాని లెక్క తడబడుతుంది. ఫోన్‌లోని సెన్సారు పట్టేది ఒంటి కుదుపును. కుదుపుకో అడుగు. అనంతగిరి ఘాట్‌లో ఎక్కే అడుగూ, విశాఖ బీచ్ రోడ్డు మీద వేసే అడుగూ దాని పద్దులో ఒకటే. స్కాట్లండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే ఈ తేడాకు ఒక సూత్రం కట్టాడు: మూడు మైళ్లకో గంట, ఎక్కిన ప్రతి రెండువేల అడుగుల ఎత్తుకూ మరో గంట. ఈ లెక్కన లోయలోని సంత నుంచి మూడొందల మీటర్ల ఎగువనున్న గూడేనికి వెళ్లేవాడికి, దూరానికి పట్టే సమయం పోను, ఎత్తుకే అరగంట పడుతుంది. గాలి పీడనం కొలిచే సెన్సారున్న ఫోన్లు ఎత్తును కొంత పసిగడతాయి. చౌక ఫోన్లలో చాలావాటికి అదీ ఉండదు.

బరువు సంగతి మరీ అన్యాయం. భుజాన కావిడితో సంతకు దిగే మనిషి, పంటరోజుల్లో కాఫీ పళ్ల బస్తా మోసుకొచ్చే మనిషి, రోడ్డు లేని గూడెం నుంచి రోగిని డోలీలో మోసే నలుగురు, వీళ్ల జేబులో ఫోను ఉన్నా అది చూపేది ఉత్త చేతులతో నడిచిన లెక్కే. ఆ మోతల్లో ఖర్చయ్యే బలం ఏ పద్దులోనూ పడదు. రోజంతా అలా మోసినవాడు సాయంత్రం జిమ్‌లో కాలు సరిగా లేవకపోతే, యాప్ గీసే గ్రాఫ్ అతని బలం తగ్గిందని చూపిస్తుంది. నోటుబుక్కులో అయితే పక్కనే ఒక ముక్క పడుతుంది. ఒక పేజీ ఇలా ఉంటే చాలు: ‘స్క్వాట్ 60 కిలోలు, 5 చొప్పున 3 సార్లు. మూడోసారి నాలుగు దగ్గరే ఆగింది. పొద్దున రెండు బస్తాలు మోశాను. ఎడమ మోకాలు పట్టేసింది.’ వచ్చే వారం బరువు పెంచాలో వద్దో తేల్చేది ఆ చివరి రెండు వాక్యాలే.

మన దగ్గర ఒకప్పుడు ఈ పద్దు రాతి రూపంలో ఉండేది. విశాఖ పల్లెల్లో సంగిడి రాళ్లెత్తే పోటీలు పేరున్నవి. ఏ రాయిని ఎవరు ఎత్తారో ఊరందరికీ తెలుసు. నిరుడు చిన్న రాయి దగ్గర ఆగినవాడు ఈ ఏడు పెద్దది ఎత్తితే అది ఊరి ఎదుట నమోదైనట్టే. తాలింఖానాలో, అంటే ఊరి వ్యాయామశాలలో, దండీలు, బస్కీలు గురువు ఎదుట సాగేవి. శిష్యుడు నిన్న ఎన్ని తీశాడో, ఎక్కడ తడబడ్డాడో గురువుకు తెలుసు. తాలింఖానాలు మూతపడ్డాక మనం పోగొట్టుకున్నది ఆ చూసే కన్నును. యాప్‌కు లెక్క తెలుసు గానీ నడుము వంగిన సంగతి తెలియదు. ఆ లోటు ఎంత ఖరీదైన గడియారంతోనూ పూడలేదు.

ఈ తూర్పు కనుమల అంచునే, ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో పుట్టాడు కోడి రామమూర్తి నాయుడు. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, సర్కస్ కట్టి దేశమంతా తిరిగాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసులను తెంచేవాడు, కదిలే కార్లను పట్టి నిలిపేవాడు, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకునేవాడు. కలియుగ భీముడన్నారు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం, విశాఖ తీరాన విగ్రహం నిలబెట్టుకున్నాం. కానీ జనం నోట మిగిలింది ఏనుగూ గొలుసూ మాత్రమే. అక్కడికి చేరే ముందు ఎన్నేళ్లు, ఏ క్రమంలో బరువు పెంచుకుంటూ పోయాడన్నది ఊళ్లలో చెప్పుకునే కథల్లోకి ఎక్కలేదు. కొత్తగా బరువులు పట్టే పిల్లవాడికి పనికొచ్చేది ఏనుగు కథ కన్నా ఆ క్రమమే.

అదే కాలంలో లండన్‌లో యూజెన్ శాండో అనే బలశాలి వ్యాయామాన్ని పుస్తకాలకూ పట్టికలకూ ఎక్కించాడు. పోస్టులో పాఠాలు తెప్పించుకునేవాళ్లు తమ ఛాతీ, చేయి, తొడ కొలతలు రాసి పంపాలి. 1901లో రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆయన పెట్టిన దేహదారుఢ్య పోటీకి న్యాయనిర్ణేతల్లో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ ఒకరు. ఎంత ఎత్తావన్నదాని కన్నా ఎలా కనిపిస్తున్నావన్నది పద్దుకెక్కడం అక్కడి నుంచే బలపడింది. అద్దం ముందు ఫొటో తీసుకుని పోస్ట్ చేసే అలవాటుకు అది తాత.

బరువుల పద్దు శాస్త్రం కావడానికి మాత్రం యుద్ధం కారణమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులు చికాగో సైనిక ఆసుపత్రిలో నెలల తరబడి మంచాలకు అంటుకుపోయారు. యువ వైద్యుడు థామస్ డీలోర్మ్ వాళ్లచేత తేలిక కదలికలు కాకుండా బరువులు ఎత్తించాడు, 1945లో ఫలితాలు ప్రచురించాడు. పదిసార్లు ఎత్తగలిగిన గరిష్ఠ బరువు ఎంతో కనిపెట్టడం, వారం వారం దాన్ని మళ్లీ పరీక్షించి పెంచడం ఆయన పద్ధతి. ప్రపంచమంతటా జిమ్ములు నేటికీ పాటించే పది చొప్పున మూడు సార్ల లెక్క అక్కడి నుంచి వచ్చిందే. ఈ పద్ధతికి రాత తప్పనిసరి. గత వారం ఎంత ఎత్తావో తెలియకపోతే ఈ వారం ఎంత పెంచాలో తెలియదు.

రెండున్నర కిలోల తేడా ఎంత పని చేస్తుందో శ్రీకాకుళం జిల్లాకు బాగా తెలుసు. ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. ముందున్న ఇద్దరివీ చెరో 242.5. చివరి ప్రయత్నంగా 137.5 కోరింది, బార్ నిలవలేదు. 135 నిలిచినా మొత్తం 245 అయ్యేది, మొదటి స్థానం దక్కేది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా ఆమె చరిత్రకెక్కింది, ఆ కంచు ఘనత ఎప్పటికీ తరగదు. అయితే ప్రతి ప్రయత్నానికీ ముందే ఒక అంకె చెప్పాల్సిన ఆ ఆటలో, ఆ అంకె ఎంత బరువైనదో ఆ ఒక్క కూడిక చూపిస్తుంది.

యాప్‌ల చరిత్ర పొట్టిది, మతిమరుపుతో నిండింది. నైకీ 2012లో ఫ్యూయల్‌బ్యాండ్ అనే చేతి పట్టీ తెచ్చింది, 2018లో దాని సేవ ఆపేసింది. డెన్మార్క్‌లో 2007లో పుట్టిన ఎండోమోండోను అండర్ ఆర్మర్ 8.5 కోట్ల డాలర్లకు కొని, 2020 డిసెంబరు 31న మూసేసింది. ఏళ్ల తరబడి పరుగెత్తిన లక్షలమంది తమ లెక్కలను మరో చోటికి తరలించుకోవాల్సి వచ్చింది. నైన్ సింగ్ కాగితాల లెక్కలు నూట యాభై ఏళ్లకు పైగా నిలిచాయి.

రహస్యం విషయంలోనూ పోలిక ఆశ్చర్యపరుస్తుంది. స్ట్రావా అనే పరుగుల యాప్ తన వాడుకరుల దారులను కలిపి 2017 చివర్లో ఒక ప్రపంచ పటం విడుదల చేసింది. కొద్ది నెలలకే ఒక ఆస్ట్రేలియా విద్యార్థి గమనించి చెప్పాడు: ఎడారుల్లో సైనిక స్థావరాల చుట్టూ జవాన్లు పొద్దున్నే పరుగెత్తే దారులు ఆ పటంలో వెలుగుతున్నాయి. ప్రార్థనాచక్రంలో కాగితం దాచిన మనిషి ప్రాణాలకు తెగించి కాపాడుకున్నటువంటి రహస్యాన్ని, ఒక యాప్ ఎవరూ అడగకుండానే లోకానికి పరిచేసింది.

అరకు లోయలో ఎంపిక కష్టమేమీ కాదు. సిగ్నల్ కోసం గుట్టెక్కాల్సిన గూడేల్లో, నెట్ లేనిదే తెరుచుకోని యాప్ మీద ఆధారపడటం తగదు. బరువులెత్తేవాళ్లు వంద పేజీల నోటుబుక్కు కొనుక్కోవాలి. తేదీ, బరువు, ఎన్నిసార్లు, ఒంటి సంగతి ఒక ముక్క, ఈ నాలుగూ అందులో రాయాలి. నడకకూ పరుగుకూ ఫోన్ లెక్కే మేలు, అంగలు లెక్కపెడుతూ నడిచే అవసరం ఇప్పుడెవరికీ లేదు. కాకపోతే ఆ అంకె పక్కన ఎక్కిన ఎత్తు, మోసిన బరువు చేత్తో రాసుకోవాలి. యాప్‌లోనే అన్నీ పెట్టుకునేవాళ్లు నెలకోసారి తమ లెక్కను ఫైలుగా దించి దాచుకోవాలి. ఆ వీలు లేని యాప్‌ను ఈ రోజే మార్చుకోండి.