చెవి గొట్టంపై సూక్ష్మజీవుల కోట

మానవుని చెవిలో కర్ణభేరికి వెనుక గాలితో నిండిన చిన్న గది ఒకటి ఉన్నది. దీనినే మధ్యకర్ణం అంటారు. గొంతు వెనుకనుంచి యూస్టేషియన్ నాళం ద్వారా ఈ గదిలోనికి గాలి వస్తుంది. పిల్లలలో ఈ నాళం పొట్టిగాను, ఇరుకుగాను ఉంటుంది. జలుబు చేసి అది మూసుకొనిపోతే, గాలికి బదులు జిగట ద్రవం చేరుతుంది. కర్ణభేరి సరిగా కంపించదు, వినికిడి తగ్గుతుంది. సదుం బడిలోగాని, మరే ఊరి బడిలోగాని పిలిచినా పలుకని విద్యార్థి మందబుద్ధి అనిపించుకొనడానికి ఒక్కొక్కప్పుడు ఈ ద్రవమే కారణం.

ఆ గదికి బయటినుంచి గాలి అందించాలన్న ఆలోచన పాతదే. 1801లో లండన్ శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ కర్ణభేరికి రంధ్రం చేసి కొందరికి వినికిడి తెప్పించాడు. కాని ఆ రంధ్రం త్వరలోనే పూడిపోయేది. తరువాత వియన్నాలో ఆడం పొలిట్జర్ రంధ్రంలో గట్టి రబ్బరు పూసను అమర్చి చూశాడు. అదీ నిలువలేదు. చివరకు 1954లో అమెరికాలోని షార్లట్ నగర వైద్యుడు బెవర్లీ ఆర్మ్‌స్ట్రాంగ్ సన్నని వినైల్ ప్లాస్టిక్ గొట్టాన్ని ప్రవేశపెట్టాడు. నేడు ఇవి సిలికోన్, ఫ్లోరోప్లాస్టిక్ వంటి పదార్థాలతో తయారవుతున్నాయి. సాధారణంగా ఏడాది అటూ ఇటూగా ఇవి వాటంతట అవే ఊడిపోతాయి.

ఇదే కాలంలో ప్రతిజీవకాల యుగం కూడా ఆరంభమయింది. ఇందులో ఒక తెలుగువాని పాత్ర ఎన్నదగినది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు అధిపతిగా ఉండగా, అక్కడ బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవినుంచి ఆరియోమైసిన్‌ను సాధించాడు. 1948లో ఇది వైద్యలోకానికి వెల్లడయింది. ఎన్నో జాతుల బాక్టీరియాను అరికట్టే ఇట్టి మందులు వచ్చిన తరువాత చెవి చీము బాధ ఇక తీరినట్లేనని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే గొట్టం పెట్టిన చెవులు కొన్ని మాటిమాటికీ కారుతూనే ఉండేవి. మందు మింగినప్పుడు చీము తగ్గేది. మానగానే మళ్లీ వచ్చేది. మధ్యకర్ణ ద్రవాన్ని ప్రయోగశాలలో పెంచి చూస్తే తరచు ఏ బాక్టీరియా కనిపించేది కాదు.

ఈ చిక్కుకు సమాధానం 17వ శతాబ్దంలోనే లీశమాత్రంగా దొరికింది. డచ్చి దేశీయుడైన లీవెన్‌హుక్ తన పండ్లమీది పాచిని సూక్ష్మదర్శినిలో చూశాడు. వినిగర్ పాచి పైభాగాన ఉన్న జీవులను చంపినా, లోపలి వాటిని చేరలేకపోయిందని గమనించాడు. 1978లో కాస్టర్టన్ ప్రభృతులు దీనిని విపులీకరించారు. బాక్టీరియా సాధారణంగా విడివిడిగా ఈదులాడుతూ ఉండవు. ఏదైనా తలాన్ని అంటిపెట్టుకొని, పిండిపదార్థాల వంటి జిగురును స్రవించి, దాని మాటున గుంపుగా జీవిస్తాయి. ఏటిలోని రాళ్లమీది జారుడు పొర ఇట్టిదే. దీనికి బయోఫిల్మ్ అని పేరు. జిగురు మందును అడ్డగిస్తుంది. లోపలి బాక్టీరియా మందకొడిగా పెరుగుతాయి. పెరిగే వాటినే దెబ్బతీసే మందులు వీటిపై అంతగా పనిచేయవు.

2006లో అమెరికా శాస్త్రజ్ఞులు గొట్టాలు అమర్చవలసి వచ్చిన 26 మంది పిల్లల మధ్యకర్ణ పొరలను పరీక్షించారు. 50 నమూనాలలో 46 చోట్ల బయోఫిల్మ్ కనిపించింది. గొట్టం కూడా బాక్టీరియాకు అనువైన తలమే. సూడోమొనాస్, స్టాఫిలోకాకస్ దానిమీద తేలికగా కోట కట్టుకొంటాయి.

కోటను ఛేదించడానికి మందును గాఢంగా, నేరుగా అక్కడికే చేర్చాలి. మింగిన మందు రక్తంలో పలచబడి స్వల్పంగా మాత్రమే చెవికి అందుతుంది. నూటికి 0.3 పాళ్ల సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలలో మిల్లీలీటరుకు 3,000 మైక్రోగ్రాముల మందు ఉంటుంది. గొట్టమే దానికి లోపలికి దారి. 2014లో నెదర్లాండ్స్‌లో గొట్టాలున్న 230 మంది పిల్లలపై ఒక పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. రెండు వారాల తరువాత కూడా చెవి కారుతున్నవారు ప్రతిజీవకం, స్టెరాయిడ్ కలిపిన చుక్కలు వేసినవారిలో నూటికి 5 మంది. మందు మింగినవారిలో 44. ఏ మందూ ఇవ్వనివారిలో 55. చుక్కలకు ముందు చీమును శుభ్రం చేయాలి. అప్పటికీ తగ్గకపోతే గొట్టాన్నే తీసివేయవలసి రావచ్చు. దానితో కోట కూడా పోతుంది.

మదనపల్లె ప్రాంతీయులకు ఇందులోని నీతి కొత్త కాదు. 1915లో ఆరంభమైన ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం ఆ ప్రాంతంలోనిదే. దగ్గు తగ్గినంత మాత్రాన క్షయ నయమయినట్లు కాదు. దాగిన క్రిములు మిగిలే ఉంటాయి. చీము ఆగిన చెవి విషయమూ అంతే. కారే చెవిలో కాచిన నూనె పోయడంగాని, అంగడిలో దొరికిన చుక్కలు వేయడంగాని ప్రమాదకరం. కర్ణభేరికి రంధ్రం ఉన్నప్పుడు జెంటామైసిన్ వంటి కొన్ని మందులు లోపలి చెవికే హాని చేయవచ్చు. విద్యార్థి వినికిడి తగ్గినట్లు ముందుగా కనిపెట్టగలవాడు ఉపాధ్యాయుడే. దండించేముందు చెవి పరీక్ష చేయించడం మేలు.