ఛార్జీ పెంచని జిల్లా

ఇంగ్లండులో దక్షిణ యార్క్‌షైర్ అంటే ఉక్కు కొలిముల షెఫీల్డ్, చుట్టూ బొగ్గు గనుల ఊళ్ళు. 1974లో కొత్తగా ఏర్పడిన అక్కడి కౌంటీ కౌన్సిల్, మన జిల్లా పరిషత్ లాంటిది, ఒక మొండి పట్టు పట్టింది: బస్సు ఛార్జీ పెంచేది లేదని. అవి ధరలు మండిపోతున్న రోజులు. రొట్టె పెరిగింది, ఇంటద్దె పెరిగింది, జీతాలూ పెరిగాయి. బస్సు టికెట్ మాత్రం పదేళ్ళు కదల్లేదు. పిల్లలకైతే రెండు పెన్నీలే. లోటును స్థానిక పన్నులతో పూడ్చారు. గ్రాంటు ఆపేస్తామని పైనుంచి బెదిరింపులొచ్చాయి. మొదట బెదిరించింది సొంత లేబర్ పార్టీ ప్రభుత్వమే కావడం విచిత్రం. కౌన్సిల్ లొంగలేదు. దేశమంతా బస్సులు ఖాళీ అవుతుంటే ఇక్కడివి నిండుగా తిరిగాయి.

ఇప్పుడు మన దగ్గర ఆడవాళ్ళ ఉచిత ప్రయాణం గురించి వినబడే ప్రశ్నే అక్కడా వినబడింది: ఈ డబ్బు ఎవడబ్బ సొమ్మని? బస్సెక్కేవాళ్ళ సొమ్మే కదా, అని నాకనిపిస్తుంది.

కానీ ఆ రోజులు నిలవలేదు. కూలింది బస్సొక్కటే కాదు. ముందు ఉక్కు మిల్లులు మూతపడ్డాయి. 1984లో గని కార్మికులు సమ్మెకు దిగి, ఏడాది పస్తులుండి, 1985 మార్చిలో ఓడి పనిలోకి వెళ్ళారు. తర్వాత గనులూ ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని వెతుక్కుంటూ పక్క ఊరికి పోవాల్సిన రోజులు వచ్చేసరికి, ఆ ఊరికి తీసుకెళ్ళే బస్సు మీద వేటు పడింది. 1986 మార్చి 31న ప్రధాని థాచర్ ప్రభుత్వం కౌంటీ కౌన్సిల్‌నే రద్దు చేసింది. ఏప్రిల్‌లో ఛార్జీలు రెట్టింపు దాటాయి. అక్టోబర్ 26న కొత్త రవాణా చట్టం అమల్లోకొచ్చింది. లండన్‌ను మినహాయించారు.

ఆ చట్టంతో, 42 రోజుల ముందు నోటీసిస్తే లైసెన్సున్నవాళ్ళెవరైనా బస్సు వేయొచ్చు, ఎత్తేయొచ్చు అన్న పద్ధతి వచ్చింది. లాభమున్న రూట్లలో బస్సు వెనక బస్సు. రాత్రుళ్ళు, ఆదివారాలు, గని పల్లెల్లో మాత్రం స్థానిక రవాణా అధికారులు టెండరు పిలిస్తేనే బస్సు. ఛార్జీ ఎంతో చెప్పే అధికారం ఎన్నికైనవాళ్ళకు లేకుండా పోయింది.

అన్నిటికన్నా మనసు కలుక్కుమనే ఘట్టం 1993ది. పాత ప్రభుత్వ బస్సుల సంస్థను, మెయిన్‌లైన్ అన్న కొత్త పేరుతో, అందులోని ఉద్యోగులే కొనుక్కున్నారు. డ్రైవర్లు, మెకానిక్కులు యజమానులయ్యారు. అయిదేళ్ళు. 1998లో అది ఫస్ట్ అనే పెద్ద కంపెనీ చేతికి పోయింది. కాలం గడిచేకొద్దీ ప్రయాణికులు 1986 నాటితో పోలిస్తే సగానికన్నా తక్కువకు పడిపోయారు. బస్టాపుల్లో నిలబడినవాళ్ళు ముసలివాళ్ళు, పిల్లలు, కారు కొనలేనివాళ్ళు.

2025 మార్చిలో దక్షిణ యార్క్‌షైర్ మేయర్ ఆలివర్ కోపర్డ్ బస్సులను తిరిగి ప్రజా నియంత్రణలోకి తెస్తామన్నాడు. మాంచెస్టర్ అప్పటికే ఆ దారి పట్టింది. 2027 నుంచి రూటు, ఛార్జీ, వేళలు మేయర్ నిర్ణయిస్తాడు. నడిపేది మాత్రం కాంట్రాక్టు మీద కంపెనీలే. మాంచెస్టర్ ఇప్పటికే చేసినట్టు, బస్సు డిపోలను ప్రజాధనంతో కొనాలి. ఆ బస్సులు ఒకప్పుడు అదే ప్రజల పన్నులతో నడిచినవే మరి.