కళాయి వేసిన యుద్ధాలు

మా మనవరాలికి వేసవి సెలవులిచ్చిన మర్నాటినుంచీ మా ఇంట్లో యుద్ధం. నిజం యుద్ధం కాదు లెండి, కంప్యూటర్లో. నేను వంటింట్లో పోపు వేస్తూంటే ముందుగదిలోంచి గుర్రాల డెక్కల చప్పుడూ, కత్తుల ఖణఖణా, మధ్యమధ్య ఎక్కడినించో ఒక గొర్రె అరుపూ వినిపిస్తూ వుంటాయి.

"ఇదేటే, నిన్నంతా ఇదే యుద్ధం చేశావు కదే?" అన్నాను మూడోరోజున.

"ఇదే కాదమ్మమ్మా! నిన్నటిది పాతది, ఇవాళ్టిది కొత్తది. ఏం మార్చారో రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను" అంది.

పాత యుద్ధమేమిటో, కొత్త యుద్ధమేమిటో నాకు బోధపడలేదు. కూర్చోబెట్టి చెప్పింది. ఆ ఆట పేరు 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్'. అందులో రెండో భాగం 1999లో వచ్చిందిట. వాళ్ళ నాన్న, అంటే మా అల్లుడు, ఇంజనీరింగు చదివే రోజుల్లో రాత్రిళ్ళు నిద్రమాని ఆడింది అదేనట. ఆ సంగతి మాకు పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు! దాన్నే 2019లో సాపుచేసి, రంగులు దిద్ది, గొంతులు మార్చి మళ్ళీ విడుదల చేశారు. అందులో 'కాంపెయిన్లు' వుంటాయి, కాంపెయిన్లో 'మిషన్లు' వుంటాయి. కాంపెయిన్ అంటే నాకు తెలిసింది ఎలక్షన్లది, మిషన్ అంటే కుట్టుమిషను. వీళ్ళ భాషలో కాంపెయిన్ అంటే ఒక వీరుడి కథ, మిషన్ అంటే ఆ కథలో ఒక ఘట్టం. ప్రతి ఘట్టానికీ ఒక పని అప్పగిస్తారు. అది నెరవేరిస్తేనే తరవాతి ఘట్టం.

ఫ్రాన్సు దేశపు జోన్ ఆఫ్ ఆర్క్ కథ చూపించింది. మొదటి ఘట్టంలో పల్లెటూరి పిల్ల జోన్‌ని దారిలో శత్రువుల చేతిలో పడకుండా షినోను కోటకి క్షేమంగా చేర్చాలి. అంతే పని. పాతదాంట్లో మనుషులు బియ్యంలో వడ్లగింజల్లా వున్నారు. కొత్తదాంట్లో దగ్గరికి లాక్కుని చూడొచ్చు. పాతదాంట్లో కోట పడితే ఒక్కసారి కుప్పయిపోయేది, ఇప్పుడు గోడ రాయి రాయిగా విరిగి పడుతుంది. కథ చెప్పే గొంతులూ కొత్తవే. కానీ దారిలో జోన్ చచ్చిపోయిందా, పాతదైనా కొత్తదైనా ఆట అక్కడితో సరి. చివరి ఘట్టం వచ్చేసరికి జోన్ వుండదు. 1431లో ఆవిణ్ణి రువాన్ పట్టణంలో కాల్చేశారు కదా, ఆ ఘట్టం 1453నాటి కాస్టియోన్ యుద్ధం.

అక్కడిదాకా బాగానే వుంది. తరవాత స్కాట్లండు వీరుడు విలియం వాలెస్ కథ పెట్టింది. చివరి ఘట్టం ఫాల్కిర్కు యుద్ధం. మనం స్కాట్లండు వాళ్ళ పక్షాన ఇంగ్లీషు వాళ్ళని ఓడించాలిట.

"ఏటీ? 1298లో ఫాల్కిర్కులో గెలిచింది ఇంగ్లీషు రాజే కదటే!" అన్నాను. రిటైరయినా హిస్టరీ టీచర్ని. ఊరుకోబుద్ధి కాలేదు.

"అవునమ్మమ్మా, పాతదాంట్లోనూ అంతే, కొత్తదాంట్లోనూ అంతే. బొమ్మలు మార్చారు గాని అది మార్చలేదు."

మా చిన్నతనంలో వీధిలోకి కళాయి పోసేవాడు వచ్చేవాడు. లోపల నల్లబడ్డ ఇత్తడి గిన్నెలు ఇస్తే కొలిమి పెట్టి, నవాసారం చల్లి, తగరం రుద్ది వెండిలా మెరిసేట్టు చేసి ఇచ్చేవాడు. మెరుపు కొత్తదే. గిన్నెకున్న సొట్ట మాత్రం సొట్టే. వీళ్ళ పనీ అదే కదా అనిపించింది. అంతలో నాకు మా బొబ్బిలి గుర్తొచ్చింది.

నేను పుట్టింది విజయనగరంలో, మెట్టింది బొబ్బిలిలో. ఈ రెండు మాటలూ ఒక వాక్యంలో వింటే మా జిల్లావాళ్ళకి నవ్వొస్తుంది. పెళ్ళయిన కొత్తలో కూరలో ఉప్పెక్కువైతే మా అత్తగారు "మీ వూరివాళ్ళకి మామీద కక్ష ఇంకా తీరలేదా తల్లీ" అనేవారు. కోపంగా కాదు, నవ్వుతూనే.

బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరి 24న. ఒక్క పూటలో అయిపోయింది. దానికి కళాయి వేయడం మాత్రం ఇంకా అయిపోలేదు. ఆ శతాబ్దం చివర్లోనే దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రం కావ్యంగా రాశాడు. పల్లెల్లో కథ పాడుకున్నారు. వేదం వేంకటరాయశాస్త్రిగారు నాటకం రాశారు. షేక్ నాజర్ బుర్రకథగా చెప్పి ఊళ్ళకి ఊళ్ళని ఏడిపించాడు. 1964లో సినిమా వచ్చింది. రంగారావుగా రామారావు, మల్లమ్మగా భానుమతి, తాండ్ర పాపారాయుడుగా ఎస్వీ రంగారావు. పాటలు కట్టిన సాలూరి రాజేశ్వరరావు మా సాలూరు పక్క శివరామపురం మనిషే. 1986లో దాసరి నారాయణరావు కృష్ణంరాజుని పెట్టి తాండ్ర పాపారాయుడు తీశాడు.

ఆ 1964 సినిమా నేను విజయనగరంలోనే చూశాను. పదేళ్ళదాన్ని. పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడుస్తూంటే హాలంతా ఒకటే చప్పట్లు. చస్తున్నది మా వూరి రాజు, చప్పట్లు కొడుతున్నది మా వూరి జనం! కళాయి బలం అలాంటిది.

మరి కళాయి కింద ఇత్తడి ఎలా వుండేది? మనకి దొరికేవాటిల్లో పాతది, ఇంగ్లీషులో రాబర్ట్ ఆర్మ్ రాసిన చరిత్ర. ఈ యుద్ధం సంగతి వున్న సంపుటం 1778లో అచ్చయింది. ఆయన కళ్ళారా చూసి రాసినవాడు కాడు, విని రాసినవాడే. అయినా అప్పటికి ఇరవయ్యేళ్ళే అయింది. అందులో రాజమందిరాల వైభవం లేదు. బొబ్బిలిది మట్టికోట. తగాదాల్లో ఒకటి నీటి తగాదా. విజయనగరం భూముల్లోంచి వచ్చే గెడ్డల నీళ్ళు బొబ్బిలివాళ్ళు తమ పొలాలకి మళ్ళించుకునేవారుట. ఉత్తర సర్కారులు 1753లో ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చాయి. శిస్తులు తేల్చుకోవడానికి దండు వేసుకొచ్చిన బుస్సీ దొరని విజయరామరాజు తనవైపు తిప్పుకున్నాడు. బొబ్బిలి వదిలి వేరేచోట జాగా తీసుకోమన్నారు, రంగారావు ఒప్పుకోలేదు. లోపల ఆయుధం పట్టగలవాళ్ళు సుమారు 250 మంది. బయట 750 మంది తెల్లవాళ్ళూ, 11,000 మంది రాజుగారి పక్షం బలగమూ, ఫిరంగులూ. తెల్లవారుతూనే ఫిరంగులు మొదలెట్టాయి. మధ్యాహ్నానికి అయిపోయింది.

ఆర్మ్ పుస్తకంలో పాపారాయుడి ఒంటిచేతి విజృంభణ కనబడదు. రంగారావు మనుషులు నలుగురు ప్రాణాలతో దాక్కున్నారనీ, మూడోనాటి రాత్రి వాళ్ళలో ఇద్దరు విజయరామరాజు డేరాలోకి పాక్కుంటూ వెళ్ళి పొడిచారనీ, ఆయన ఒంటిమీద 32 గాయాలనీ వుంటుంది. ఇద్దరో ఒక్కడో, దానికి నాకు పేచీ లేదు. కథ చెప్పేవాడికి ఒక్కడైతే సుళువు.

నా పేచీ ఆడవాళ్ళ దగ్గర.

మా అత్తగారు చెప్పే కథలో, కోట నిలవదని తెలియగానే మల్లమ్మగారూ, తక్కిన స్త్రీలూ తమంతట తామే ప్రాణాలు వదిలారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతు సన్నబడేది, చెయ్యెత్తి దణ్ణం పెట్టేవారు. కథలన్నిటిలోనూ దాదాపు అదే. ఆర్మ్ రాసింది వేరు. మగవాళ్ళు వరసగా వెళ్ళి ఎవరి ఇంటికి వాళ్ళు నిప్పు పెట్టారు. మంటల్లోంచి బయటికి పరుగెత్తి వస్తున్న ఆడవాళ్ళనీ, పిల్లలనీ వాళ్ళే పొడిచారు. తిరిగి బురుజుల మీదికెళ్ళి తామూ చచ్చిపోయారు. ఆ మగవాళ్ళ తెగువని ఎవరూ తక్కువ చెయ్యలేరు. కాని 'పరుగెత్తి వస్తున్న' అన్న ఆ ఒక్క మాట వుంది చూశారూ, అది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. చావాలని నిశ్చయించుకున్నవాళ్ళు బయటికి ఎందుకు పరుగెడతారు? కావ్యంలోంచి నాటకంలోకీ, నాటకంలోంచి సినిమాలోకీ వచ్చేసరికి ఆ పరుగు మాయమైంది.

నాకప్పటికి ఇరవై రెండేళ్ళు. మర్నాడు పొద్దున్నే అత్తగారితో "వాళ్ళని ఎవరైనా అడిగారంటారా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ బియ్యం చెరుగుతున్నారు. చాలాసేపు చేట ఆగింది. "ఆ రోజుల్లో ఏం అడిగేవారులే" అని మళ్ళీ చెరగడం మొదలెట్టారు. ఆవిడ ఇంకెప్పుడూ నాకు ఆ కథ చెప్పలేదు. ఎందుకడిగానా అని చాన్నాళ్ళు బాధపడ్డాను.

ఆర్మ్ రాసినదాంట్లో ఇంకొక మనిషున్నాడు. సినిమాలవాళ్ళు ఎత్తుకోవలసింది నిజానికి ఆయన్ని. అంతా అయిపోయాక ఒక ముసలాయన ఒక పిల్లాణ్ణి తీసుకుని ఫ్రెంచి అధికారి లా దొర ముందుకొచ్చాడు. వీడు రంగారావు కొడుకనీ, తండ్రి మాట కాదని తాను కాపాడాననీ చెప్పాడు. కోటలో అందరూ ఆజ్ఞ పాటించారు, ఒక్కడు పాటించలేదు. ఆయన పేరు అందులో లేదు.

తరవాత సంగతి టూకీగా చెబుతాను. చచ్చిపోయిన విజయరామరాజు స్థానంలోకి వచ్చిన ఆనందగజపతిరాజు ఫ్రెంచివాళ్ళని వదిలి ఇంగ్లీషువాళ్ళని పిలిచాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు, సర్కారుల్లో వాళ్ళ కథ కంచికెళ్ళింది. అటు ప్లాసీ యుద్ధం జరిగింది కూడా బొబ్బిలి కూలిన అయిదు నెలలకే. కొట్టుకున్నవాళ్ళు మనవాళ్ళు, చివరికి ఏలినవాళ్ళు ఇంగ్లీషువాళ్ళు.

ఇదంతా మా మనవరాలికి చెప్పాను. విని, "ఆటలో మన సొంత యుద్ధం కూడా కట్టుకోవచ్చమ్మమ్మా. బొబ్బిలి కడదామా?" అంది. మూడురోజులు మాకు అదే పని. నేను కొలతలు చెప్పడం, అది గోడలు కట్టడం. రాతిగోడ పెట్టబోతే వద్దన్నాను. గెడ్డ పెట్టించాను. బయట సైన్యం పెట్టేసరికి తెరంతా నిండిపోయింది.

"గెలవడానికి షరతేం పెట్టను? ఈ 250 మందితో గెలవడం జరగదు" అంది.

"ముసలాయనా పిల్లాడూ బయటపడాలి. అదే పెట్టు."

"జోన్ మొదటి మిషన్ లాగన్నమాట!" అంది. ముసలాయనకి సన్యాసి బొమ్మ పెట్టింది. పిల్లాడి బొమ్మ దొరక్క గొర్రెని పెట్టింది. గొర్రె చచ్చిపోతే ఆట అయిపోయినట్టే.

తరవాత కోటలో ఆడవాళ్ళ బొమ్మలు పెట్టి చెయ్యి ఆపింది. ఆ ఆటలో ఒక గంట వుంది. అది కొడితే పనిచేసుకునే మనుషులంతా పరుగెత్తి లోపలికి వెళ్ళి దాక్కుంటారు. "వీళ్ళనేం చెయ్యను? గంట కొట్టనా?"

"వద్దు. ముసలాయన వెనకాల పంపించెయ్" అనేశాను.

మా మనవరాలు నాకేసి చూసింది. "అమ్మమ్మా, ఫాల్కిర్కు తప్పన్నావు కదా?"

నలభై ఏళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పినదాన్ని, పదమూడేళ్ళ పిల్లకి జవాబు చెప్పలేక కాసేపు ఆ బొమ్మలకేసి చూస్తూ కూర్చున్నాను. ఒకామె కట్టెలు కొడుతోంది. ఒకామె గెడ్డ ఒడ్డున నిలబడింది.

"రెండు చెయ్యి" అన్నాను చివరికి. "ఒకటి జరిగినట్టు, ఒకటి వీళ్ళంతా వెళ్ళిపోయినట్టు. కానీ మొదటిది చెరపకు. ఎవరికి చూపించినా ముందు అదే చూపించు."

అలాగే చేసింది. ఇప్పుడు వంటింట్లోకి గొర్రె అరుపు వినిపిస్తే పోపు మాడినా సరే, ఒక్కసారి ముందుగదిలోకి వెళ్ళి ఎంతదాకా వచ్చారో చూసి వస్తున్నాను.